ఉంగరం వేలు పదమూడు

ఆస్టినాబాద్‌లో మా వీధికి ఎండాకాలంలో మూడు రోజులకోసారి నీళ్ళొస్తాయి. వచ్చిన గంటలోనే మోటారు వేసి పైన ట్యాంకు నింపుకోవాలి. ఆ గంట దాటితే మళ్ళీ మూడు రోజులు బిందె పట్టుకుని ఇరుగుపొరుగు గుమ్మాలు తొక్కాలి. అందుకే మా ఇంట్లో టీవీ పాడైనా ఎవరూ కంగారుపడరు గానీ, మోటారు కాస్త గొంతు మార్చిందంటే నేను కొంగు బిగిస్తాను. మా ఆయనది షిప్పులో డ్యూటీ. నెలలో సగం రోజులు నికోబార్ వైపే. ఆయన వచ్చేదాకా ఆగుదామంటే తుప్పు ఆగదు. సముద్రపు గాలికి మా ఊళ్ళో ఏ ఇనుమూ మిగలదు.

నాకు సాయం మా అత్త. డెబ్బై దాటిన మనిషి, శ్రీకాకుళం తీరం నుంచి పెళ్ళి చేసుకుని ఈ దీవికి వచ్చింది. మా మామ డుంగీలకి, అంటే వేటకెళ్ళే చిన్న ఇంజను పడవలకి, మరమ్మతులు చేసేవాడు. ఆయన ఇంజను కింద దూరి నెంబరు చెబితే, ఈవిడ పక్కన పీట వేసుకుని పానా అందించేది. ముప్ఫై ఏళ్ళు అదే పని. ఆయన పోయాక పానాల పెట్టె ఈవిడ మంచం కిందికి చేరింది. వారానికోసారి బయటికి తీసి, కొబ్బరినూనె గుడ్డతో ఒక్కొక్కటీ తుడిచి పెడుతుంది. వంట నాది, బజారు నాది. ఆవిడ ఏం ముట్టుకోబోయినా "నువ్వు కూర్చో అత్తా" అనేస్తాం. ఒక్క ఆ పెట్టె దగ్గర మాత్రం ఆవిడ లేకపోతే పని జరగదు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. పీట వేసుకు కూర్చునే తీరులోనే తెలిసిపోయేది.

కొత్తలో నాకేమీ తెలియదు. బోల్టుల పొట్లం మీద ఎనిమిది అని ఉంది కదాని ఎనిమిదో నెంబరు పానా కొనుక్కొచ్చాను. అది బోల్టు తలకి ఎక్కనే లేదు. తిరిగిచ్చేద్దామని వెళ్తే హార్డ్‌వేర్ షాపాయన నవ్వాడు.

"ఆఠ్ తో ఉస్కా పైర్ హై, దీదీ. సిర్ తేరా నంబర్ కా."

కాలు ఎనిమిది, తల పదమూడు. బోల్టు ఒంటి మందం ఒక లెక్క, పానా పట్టే తల వెడల్పు ఇంకో లెక్కన్నమాట. ఇంటికొచ్చి చెబితే మా అత్త పడీపడీ నవ్వింది.

"అచ్చం నీ మొగుడే కదే. ఒళ్ళు బక్క, తల పెద్దది."

తర్వాత నెంబర్లు నోటికొచ్చేశాయి. స్కూటర్ బ్యాటరీకి పది, అద్దం కింద పద్నాలుగు, మోటారు కాళ్ళకి పదమూడు. నేను వెనక్కి చెయ్యి చాచి నెంబరు చెబితే చాలు, సరైన పానా సరైన మూతితో అరచేతిలో పడేది. ఇచ్చేముందు ఆవిడ పానా మూతిలో ఒకసారి వేలు పెట్టి తడిమేది. జిడ్డు తుడుస్తోందనుకునేదాన్ని.

ఈ వేసవిలో ఒక నీళ్ళరోజున ముందుగా వేసి చూస్తే మోటారు గడగడలాడింది. వంగి చూస్తే ఒక కాలి బోల్టుని తుప్పు సగం తినేసింది. దాన్ని తీసి వేరేది వేయాలి. నీళ్ళు పదకొండింటికి, అప్పటికి టైము పది. "పదమూడు" అన్నాను. పానా చేతిలో పడింది. చూడకుండానే తగిలించి బలంగా లాగాను. అది సర్రున జారి, నా వేళ్ళ కణుపులు సిమెంటు దిమ్మకి కొట్టుకున్నాయి. బోల్టు తల అంచులు గుండ్రంగా అరిగిపోయాయి. చూద్దును కదా, చేతిలో ఉన్నది పద్నాలుగు. "సరిగ్గా చూసి ఇయ్యత్తా" అంటే ఆవిడ మళ్ళీ పెట్టె వెతికి, మళ్ళీ తడిమి, మళ్ళీ అదే ఇచ్చింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

"ఇంత లావున అంకె రాసుంటే కనపడదా? చదువుకుని ఇవ్వొచ్చు కదా!" అని వీధికి వినపడేలా అరిచాను.

"కళ్ళు అవుపడ్డం నేదే అమ్మీ" అని ఆవిడ మెల్లగా పీట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నేను స్కూటరేసుకుని డైరీ ఫార్మ్ సెంటర్లో ఉన్న హార్డ్‌వేర్ షాపుకి పరిగెత్తాను. బోల్టు తలకి టోపీలా తొడిగే గోటీల సెట్టు కొన్నాను. అరిగిన తలకి పన్నెండు పలకల గోటీ పనికిరాదనీ, ఆరు పలకలదే పట్టుకుంటుందనీ షాపాయన చెప్పాడు. ఆయన మాట నిజమే. రెండు పట్లకి బోల్టు ఊడొచ్చింది. పెట్టెలో దొరికిన ఒక పాత బోల్టు తాత్కాలికంగా బిగించాను. నీళ్ళొచ్చాయి, ట్యాంకు నిండింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఆ మెరిసే సెట్టు పట్టుకుని స్కూటరుకీ ఇనప మంచానికీ ఉన్న బోల్టులన్నీ బిగిస్తూ తిరిగాను. మా అత్త మాత్రం గడప దాటి రాలేదు. పిలిస్తే "కొత్త సెట్టు వచ్చీసింది కదే, ఇంక నానెందుకు" అంది. మామూలుగా అన్నట్టే అంది గానీ నాకు గుచ్చుకుంది.

మధ్యాహ్నం చూస్తే ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని నా జాకెట్టుకి ఊడిన హుక్కు కుడుతోంది. పొద్దున అరిచిన కోడలి జాకెట్టు. దారం కొన తడి చేసి, సూదిలోకి ఒక్క ప్రయత్నంలో ఎక్కించేసింది. నిరుడు ఆవిడకి కంటి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి నాక్కూడా ఆవిడే ఎక్కించిపెడుతోంది. అప్పుడు తట్టింది నాకు. ఇది కళ్ళ సంగతి కాదు.

పక్కన కూర్చున్నాను.

"అత్తా, పానా మూతిలో వేలెందుకు పెడతావు?"

హుక్కు కుట్టడం అయిపోయాక దారం కొరికి అంది.

"నాను బళ్ళోకి ఎల్లనేదు కదే. పెళ్ళైన కొత్తలో మీ మావ నంబరు సెప్తే ఏదో ఒకటి ఇచ్చీదాన్ని. ఒక్కపాలి కూడా తిట్టనేదు, నవ్వనేదు. దగ్గిర కూకోబెట్టుకుని, నా ఏళ్ళు ఒక్కోటీ పానాల్లో ఎట్టి సూపించినాడు. సిటికెనేలు గోరుకాడికి పట్టితే పదమూడు. సూపుడేలు పదిహేడు. బొటనేలు పందొమ్మిది. ఏ ఏలూ దూరకపోతే పది."

"మరి ఇప్పుడు?"

చెయ్యి నా ముందు చాచింది. కీళ్ళవాతానికి వేళ్ళ కణుపులన్నీ ఉబ్బిపోయి ఉన్నాయి. రోజూ చూసే చెయ్యే. నేనెప్పుడూ చూడలేదు.

"ఏళ్ళు వాసిపోయినాయి. సిటికెనేలికి ఇప్పుడు పద్నాలుగు వొస్తంది. అది నాకేటి తెలుసు?"

నాకు ఏడుపొచ్చింది. చదువురాదన్న సంగతి ముప్ఫై ఏళ్ళు ఎవరికీ తెలియకుండా ఆయన కాపాడాడు. నేను వీధంతా వినేలా చదువుకోమని అరిచాను. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు.

తప్పు దిద్దుకుందామనే తొందరలో ఇంకో తప్పు చేశాను.

"అంకెలు నేను నేర్పుతానత్తా. పట్టుమని పది. రెండ్రోజుల పని."

ఆవిడ మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

"మీ మావ నేర్పింది మర్సిపొమ్మంతావేటే?"

మంచం కింద నుంచి పెట్టె లాగి ఇద్దరి మధ్యా పెట్టి, నా చెయ్యి ఆవిడ ఒడిలో పెట్టాను. కాసేపు అర్థం కానట్టు చూసింది. తర్వాత అర్థమై, పానాలు ఒక్కొక్కటీ తీసి నా వేళ్ళకి పెట్టి చూడసాగింది. అంకెలు నేను పైకి చదువుతూ వచ్చాను. పదమూడు నా చిటికెన వేలికి వదులైంది. ఉంగరం వేలికి మాత్రం గోరు మొదలు దాకా వచ్చి ఆగింది.

"ఇదిగో. నీ ఉంగరమేలు పదమూడు" అంది. మర్చిపోకూడదన్నట్టు ఇంకో రెండుసార్లు అనుకుంది.

ఇప్పుడు నేను నెంబరు చెప్పి చెయ్యి చాస్తే, ముందు ఆ నెంబరుకి సరిపడే నా వేలు పట్టుకుని పానా సరిచూసి, తర్వాత అరచేతిలో పెడుతుంది. పని కొంచెం ఆలస్యమవుతుంది. అయితే అవనీ.

వారం తర్వాత మోటారుకి కొత్త బోల్టు కొనడానికి ఇద్దరం షాపుకెళ్ళాం. షాపాయన అలవాటుగా "కౌన్సా నంబర్?" అన్నాడు. పదమూడు నా నాలుక చివర దాకా వచ్చింది. ఆపుకున్నాను. మా అత్త నా చెయ్యి పట్టుకుని గల్లాబల్ల మీద పెట్టి, ఉంగరం వేలు విడదీసి చూపించింది.

"ఏ ఉంగలీ దేఖో, భయ్యా. ఈ ఏలికి ఏ పానా పడతాదో, ఆ పానాకి పట్టీ బోల్టు ఇయ్యి."

ఆయన నా మొహం చూశాడు. నేను వేలు ఇంకాస్త ముందుకి చాచాను. గోడకి వేలాడుతున్న పానాల్లోంచి ఒకటి తీసి నా వేలికి పెట్టాడు. వదులు. ఇంకోటి పెట్టాడు. అది గోరు దగ్గర సరిగ్గా ఆగింది.

"తేరా" అన్నాడు.

"నాకు తెల్దేటి" అంది మా అత్త. ఇంటికి చేరేదాకా నా చెయ్యి వదల్లేదు.