మాటల్లేని నాటకంతో రాజోలుకి

తిండి పెట్టేది డబ్బింగ్, ప్రాణం స్టేజీ. ఏడేళ్లుగా ఓ సీరియల్లో దుర్మార్గపు జమీందారుకి గొంతిస్తున్నాను. ఆ గొంతంటే నాకే రోత పుట్టి, ఒక్క మాటైనా లేని నలభై నిమిషాల నాటకం తయారుచేసుకున్నాను. హైదరాబాదులో పదకొండు మంది చూశారు, ముగ్గురు మధ్యలోనే లేచిపోయారు. రాజోలులో ఆడి చూస్తాను, ఇదీ పోతే స్టేజీ మానేస్తానని మా ఆవిడకి చెప్పి నర్సాపురం రైలెక్కాను.

పొద్దున్న ఏడున్నరకి పాలకొల్లులో దిగి, రెండిడ్లీలు తిని, ఎనిమిదింటి రాజోలు బస్సెక్కాను. చించినాడ వంతెన కింద గోదావరి నిండుగా ఉంది గానీ నాకు చూసే మనసేదీ? కండక్టరుని టిక్కెట్టు అడిగానో లేదో, పక్క సీటావిడ గిరుక్కున తిరిగింది.

"మీరు సీరియల్లో జమీందారు గొంతు కదండీ? అయ్యబాబోయ్! మా ఆయన మస్కట్ నుంచి ఫోన్ చేసి మరీ కథ అడుగుతారండి. ఒక్కసారి ఆ నవ్వు నవ్వరా?"

గొంతు బాగోలేదని అబద్ధమాడి, సాయంత్రం నాటకానికి రమ్మన్నాను.

"ఆయ్, వస్తానండి" అంది.

నాటకం పెట్టించింది రిటైరైన డ్రిల్లు మాస్టారు. లాడ్జిలో గది చూపించి, మధ్యాహ్నం చేపల పులుసుతో భోజనం పెట్టించారు. స్టేజీ మీద మైకు చూసి వద్దన్నాను. "మైకు లేకుండా నాటకమేటండీ, ఉండనివ్వండి" అన్నారు. నేనూ ఊరుకున్నాను. బుద్ధి తక్కువ!

ఆరున్నరకి మొదలుపెట్టాను. రాని మనిషి కోసం ఒకడు అన్నం కలుపుతూ కూర్చుంటాడు, అదీ కథ. రెండొందల మంది ఉంటారు, అయిదు నిమిషాలు చీమ చిటుక్కుమనలేదు. నా ఒళ్లు జలదరించింది. అంతలో వెనక నుంచి ఎవడో అరిచాడు.

"సౌండ్! సౌండ్ రావట్లేదు!"

ఇక చూడాలి గొడవ. మైకు సత్తిబాబు వైర్లు పీకాడు, మళ్లీ పెట్టాడు. మాస్టారు అందరి ముందూ అతన్ని తిట్టారు. చివరికి సత్తిబాబు స్టేజీ ఎక్కి, నా కంచం పక్కన గొంతుక్కూర్చుని, మైకు నా నోటి దగ్గర పెట్టాడు. 

"మాట్టాడండి బాబూ, నా పరువు పోతందండి" అని గుసగుసలాడాడు.

జమీందారు నవ్వు నవ్వాను.

ఈలలు, చప్పట్లు! బస్సులో ఆవిడ లేచి నిలబడి "ఆరేనండీ, ఆ జమీందారే!" అని అరిచింది. తర్వాత అడిగిన డైలాగల్లా చెప్పాను. అన్నం కంచంలోనే ఎండిపోయింది. సత్తిబాబు మీద జాలితో నవ్వానని చెప్పుకోవచ్చు. కాదు. ఆ చప్పట్లు నాక్కావాలనిపించింది, అంతే.

మర్నాడు తొమ్మిదింటికి తిరుగు బస్సు. మాస్టారు కొబ్బరికాయల బస్తా ఇచ్చి పంపారు. రాజోలు వాళ్లు మర్యాదస్తులు, పాలకొల్లు నుంచి బస్సులకి కొదవ లేదు, తప్పకుండా వెళ్లండి. పాలకొల్లు చేరేసరికి మా ఆవిడ ఫోన్ చేసింది.

"ఎలా ఆడింది?"

"జనం విరగబడి చప్పట్లు కొట్టారు."

"హమ్మయ్య! ఇక మానక్కర్లేదుగా!" అంటూ ఫోన్లోనే ఏడ్చేసింది.

ఆ చప్పట్లు జమీందారుకేనని, స్టేజీ మానేసి వస్తున్నానని దానికెలా చెప్పను?