రహస్యం అని రాసిన చీటీ

పదహారేళ్లప్పుడు నాకు ఒకచోట కాలు నిలిచేది కాదు. కాలేజీలో పాఠం సాగదు, రాచర్ల నుంచి గిద్దలూరు పోయే ఆటో నిండదు, ఆదివారం ఎంతకీ రాదు. ఆదివారమే ఎందుకంటే, మా చర్చిలో డోలక్ వాయించే అబ్బాయి ఆ పూట గంటన్నర నా కళ్లెదుటే కూర్చునేవాడు. మిగతా రోజుల్లో ఆటోలో నాకు సీటు ఆపిపెట్టేవాడు. "నా డిగ్రీ అయిపోనీ, మీ నాయన్ను నేనే అడుగుతా," అన్నాడొకసారి. ఆ మాటతో నాకు నిద్ర పోయింది, ఆకలి పోయింది, ఫిజిక్స్ కూడా పోయింది.

మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. ఎవరి అవసరం వాళ్లు చీటీ మీద రాసి డబ్బాలో వేస్తారు. పేరు రాయరు. పాస్టరుగారు ఒక్కొక్కటే చదువుతారు, అందరూ ప్రార్థిస్తారు. బోరులో నీళ్లు పడాలి, గొర్రెల జబ్బు తగ్గాలి, ఇలాంటివి. పైన 'రహస్యం' అని రాస్తే మాత్రం బయటికి చదవరు. ఒక ఆదివారం ఇక ఉండబట్టలేక నేనూ రాశాను: 'మా ఇద్దరికీ పెళ్లి జరగాలి. మా నాయన ఒప్పుకోవాలి.' పైన రహస్యం అని పెట్టి, కింద రెండు గీతలు కూడా గీశాను. డబ్బాలో వేసి, గుమ్మంలో ఎదురైన అతనికి గొప్పగా చెప్పాను.

తీరా లోపలికి పోయి కూర్చున్నాక తెలిసింది, పాస్టరుగారు కనిగిరి సభలకు వెళ్లారని. ఆయన లేనప్పుడు చీటీలు చదివేది సంఘపెద్ద. మా సంఘపెద్ద మా నాయనే.

నా చేతిరాత ఆయన గుర్తుపట్టకపోవడమనేది జరగదు. మార్కాపురం పలకల పనికి పోయే రోజుల్లో ఒక పలక తెచ్చి, చెయ్యి పట్టుకుని నాచేత అక్షరాలు దిద్దించింది ఆయనే. ఆయన ఒక్కో చీటీ విప్పుతున్నాడు. లేచి పోదామంటే ఆడవాళ్ల మధ్య ఇరుక్కుని ఉన్నాను. నాది వచ్చింది. విప్పాడు, చదివాడు, మళ్లీ చదివాడు. డోలక్ దగ్గర అతను తల వంచుకుని, బిగుతుగానే ఉన్న తాడును బిగిస్తున్నాడు.

"ఇది రహస్య మనవి," అన్నాడు నాయన గొంతు సవరించుకుని. "ప్రభువా, ఇది రాసిన బిడ్డకు ఓపిక ఇయ్యి. ఆ బిడ్డ నాయనకు గూడా ఇయ్యి."

అందరూ ఆమెన్ అన్నారు. నాయన మీద అంత ప్రేమ అంతకుముందెప్పుడూ కలగలేదు, అంత సిగ్గూ పడలేదు. ఇంక దాచేది లేదు, ఇద్దరం కలిసి ఆయన ముందు నిలబడదాం అనుకున్నాను.

ఆ ధైర్యంతోనే బయట చెప్పుల దగ్గర అతని కోసం ఆగాను. వచ్చాడు. నా ముఖం చూడలేదు.

"నా పేరు రాయలేదు గదా?"

"రాయలేదు."

"హమ్మయ్య," అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. నువ్వెట్ల ఉన్నావని లేదు, మీ నాయన ఏమంటాడోనని లేదు. నా చెప్పు తీసి విసరాలన్నంత కోపం వచ్చింది. విసరలేదు.

ఇంటికి నాయన వెనకాలే నడిచాను. సగం దారిలో ఆయన వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"ఎవురమ్మా ఆ పిల్లోడు?"

"ఎవురూ లేరు నాయనా," అన్నాను.

పొద్దున అడిగి ఉంటే అది అబద్ధమయ్యేది.