గీత తొక్కిన త్రో

ఫుట్‌బాల్‌లో త్రో గురించి తెలియనివాడు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఒక్కడూ లేడు. ఆఫ్‌సైడ్ దగ్గర నోరు మూసుకుంటారు, ఎందుకంటే అది తమకు అర్థం కాలేదని వాళ్లకే తెలుసు. పెనాల్టీ దగ్గర దేవుణ్ణి తలుచుకుంటారు. త్రో దగ్గరికి వచ్చేసరికి మాత్రం పాన్‌డబ్బా నడిపే ఆయన నుంచి కాలేజీ ప్రిన్సిపాల్ దాకా అందరూ పండితులే. బంతి గాల్లో తిరిగింది కాబట్టి ఫౌల్ అంటాడు ఒకడు. మడమ లేచిందంటాడు ఇంకొకడు. బడిలో ప్రార్థనకు నిలబడ్డట్టు రెండు కాళ్లూ దగ్గరికి పెట్టలేదంటాడు మరొకడు. వీటిలో ఒక్క ముక్కా రూల్లో లేదు.

రూల్లో ఉన్నది చాలా చిన్నది. బంతి బయటికి పోయిన చోటు నుంచి, మైదానం వైపు తిరిగి, రెండు చేతులతో, తల వెనక నుంచి తల మీదుగా విసరాలి. విసిరేటప్పుడు రెండు పాదాలూ ఎంతో కొంత నేలకు ఆని ఉండాలి. గీత బయట ఉన్నా సరే, గీత మీద ఉన్నా సరే. చదువు రానివాడికి కూడా ఒక చాయ్ తాగేలోపు చెప్పెయ్యొచ్చు. చదువుకున్నవాళ్లకు చెప్పడమే నా వల్ల కాలేదు.

ఈ జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. వాలీబాల్ నుంచి. మా వైపు డ్రిల్లు సార్లంతా వాలీబాల్ మనుషులు. రెండు గుంజలు, ఒక నెట్టు ఉంటే ఊరికి సాయంత్రం గడిచిపోతుంది. వాలీబాల్‌లో సర్వీస్ చేసేవాడు గీత తొక్కితే తప్పు. ఈ సార్లకు ఫుట్‌బాల్ నేర్పాల్సి వచ్చినప్పుడు పుస్తకం తెరిచే శ్రమ ఎవరూ పడలేదు. చేతిలో బంతి, కాళ్ల ముందు గీత, లోపలికి విసరడం, ఇదీ సర్వీసే కదా అనుకున్నారు. చివరికి మాట కూడా అదే అయిపోయింది. బంతి బయటికి పోగానే "సర్వీస్ మాది సార్" అని చేతులు లేచేవి. గీతకు జానెడు వెనక నిలబడి, పామును దాటుతున్నట్టు కిందికే చూసుకుంటూ విసిరేవాళ్లు. ఆ విసురు చూస్తే నాకు ఒళ్లు మండేది.

నేనూ డ్రిల్లు సారునే, జగిత్యాలలో. కాకపోతే పుస్తకం చదివి, పరీక్ష రాసి, రిఫరీ బ్యాడ్జి తెచ్చుకున్నవాణ్ణి. ఆ బ్యాడ్జిని మా దగ్గర ఎవరూ లెక్కచేయరు. లెక్కచేసేది ఒక్క పేరునే. 'ఆయన ఈల అమ్ముకోడు' అన్న పేరు. రెండు ఊళ్లు ఆడితే రిఫరీ మూడో ఊరి నుంచి రావాలన్నది మా వైపు పద్ధతి. వచ్చినవాడు ఆ రెండు ఊళ్ల చాయ్ కూడా ముట్టకూడదు. తాగడానికి నీళ్లు కూడా ఇంటి నుంచే తెచ్చుకోవాలి. నేను అలా బాటిల్ మోసుకుని ఎండలో తిరిగి సంపాదించుకున్న పేరది. నాకు పొలం లేదు, ప్రమోషన్ వచ్చే దారి లేదు, ఆ పేరొక్కటే ఉంది. అది పోతే నేను కూడా మైదానంలో అరిచే పదిమందిలో ఒకణ్ణి.

తెలంగాణ కోసం సమ్మె జరుగుతున్న రోజులు. బళ్లు మూశారు, బస్సులు డిపోల్లోంచి కదలడం లేదు. సమ్మెలో ఉన్న డ్రిల్లు సారుకూ లేని డ్రిల్లు సారుకూ తేడా ఏముందని మా హెడ్మాస్టర్ నవ్వేవాడు. ఖాళీగా ఉన్న కుర్రాళ్లను ఉద్యమంలో నిలబెట్టుకోవాలని ఊరూరా కమిటీలు టోర్నమెంట్లు పెట్టాయి. తెలంగాణ నాకూ కావాలి. రోడ్డు మీద వంటావార్పు జరిగితే నేనూ గరిట తిప్పాను. కానీ మైకు దొరికిన ప్రతివాడూ సర్వజ్ఞుడైపోయిన కాలం అది. ఆ మైకులన్నీ సాయంత్రమయ్యేసరికి మైదానానికే వచ్చేవి.

ఫైనల్ సిరిసిల్లలో పెట్టారు, సిరిసిల్లకూ కోరుట్లకూ. రిఫరీగా నన్ను పిలిచారు. మోటార్‌సైకిల్ మీద బయలుదేరితే వేములవాడ దగ్గర రాస్తారోకో. నాతో జై తెలంగాణ అనిపించి, గొంతు చాలదని ఇంకోసారి అనిపించి, అప్పుడు వదిలారు. మైదానం సాంచెలు నడిచే షెడ్ల పక్కనే ఉంది. ఆ మగ్గాల చప్పుడులో ఈల వినపడాలంటే బుగ్గలు పగిలేలా ఊదాలి. గీతలు ముగ్గుపిండితో గీశారు. ఒక పక్కన షామియానా కింద రిలే నిరాహార దీక్ష. ఆ రోజు వంతు వచ్చినవాళ్లు మెడలో దండలతో దిండ్లకు ఆనుకుని మ్యాచ్ చూడ్డానికి సిద్ధంగా ఉన్నారు.

కమిటీకి పెద్ద రిటైరైన డ్రిల్లు సారు. అందరూ పెద్దసార్ అంటారు. ఆయన వాలీబాల్ మనిషని వేరే చెప్పక్కర్లేదు. "జగిత్యాల నుంచి అచ్చిన అంపైర్ సార్" అని నన్ను మైకులో పరిచయం చేశాడు. క్రికెట్ మాటతో ఫుట్‌బాల్ రిఫరీని పిలిచే మనిషి ఆ పూట టోర్నమెంటుకు ధర్మకర్త. లైన్ దగ్గర నిలబెట్టిన ఆయన శిష్యుడి చేతిలో జెండా బదులు కండువా ఉంది.

ఆట గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు. రెండు జట్లూ బంతిని తన్నడం కన్నా దుమ్మును తన్నిందే ఎక్కువ. ఆటగాడనదగ్గవాడు ఒక్కడే, కోరుట్ల కెప్టెన్. వెల్డింగ్ షాపు నడుపుకునే మనిషి. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు. భుజాల్లో బలం ఉంది. అతను త్రో విసిరితే బంతి నేరుగా గోల్ ముందుకే వచ్చి పడేది.

ఇంకాసేపట్లో ఆట ముగుస్తుందనగా, రెండు వైపులా గోల్ లేనప్పుడు, కోరుట్లకు త్రో వచ్చింది. కెప్టెన్ పరుగెత్తుకుంటూ వచ్చి, కిందికి చూడకుండా, ముందుకాలు సరిగ్గా గీత మీద వేసి, రెండు పాదాలూ నేలకు ఆనించి, తల మీదుగా విసిరాడు. ఆ టోర్నమెంటు మొత్తంలో నేను చూసిన సిసలైన త్రో అదొక్కటే. బంతి వెళ్లి వాళ్ల ఫార్వర్డ్ తలకు తగిలి గోల్లో పడింది. నేను ఈల ఊది సెంటర్ వైపు చెయ్యి చూపించాను.

చుట్టూ ఉన్న జనమంతా ఒక్కసారిగా మైదానం లోపలికి వచ్చేశారు. "లైన్ తొక్కిండు! లైన్ తొక్కిండు!" కండువా ఊపుతూ లైన్‌మన్ ఎగురుతున్నాడు. కొందరు ముగ్గు మీద పడిన బూటు గుర్తు చుట్టూ చేరి, హత్య జరిగిన చోట పోలీసుల్లాగా ఎవర్నీ దగ్గరికి రానివ్వడం లేదు. ఒకాయన సెల్‌ఫోన్‌తో ఫొటో తీశాడు. తప్పు కాని పనికి అంత పక్కా సాక్ష్యం నేనెప్పుడూ చూడలేదు.

పెద్దసార్ మైకు పట్టుకునే లోపలికి వచ్చాడు. "తమ్మీ, నీకు కనవడలేదా? గా గుర్తు సూడు."

"కనవడ్డది పెద్దసార్. లైన్ తొక్కొచ్చు. దాటి లోపటికి రావొద్దు, గంతే."

"ముప్పై ఏండ్ల సంది ఆటలు ఆడిపిచ్చిన. నాకు జెప్తున్నవా?"

జేబులోంచి రూల్స్ పుస్తకం తీసి ఆ పేజీ చదివి, తెలుగులో చెప్పాను, మైకులోనే చెప్పాను. ఆయన పుస్తకాన్ని తాకను కూడా తాకలేదు. వెనక నుంచి ఎవడో అరిచాడు. "గా రూలు ఎవడు రాసిండు? ఆంధ్రోడా?" అంతే, చప్పట్లు, ఈలలు, జై తెలంగాణ. నీళ్లలో, ఉద్యోగాల్లో జరిగిన అన్యాయాల వరసలోకి నా త్రో కూడా చేరిపోయింది. ఇంత పెద్ద ఉద్యమాన్ని నడుపుతున్న మనుషులు ఇంత చిన్న వాక్యాన్ని అర్థం చేసుకోలేరా అని నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

పెద్దసార్ మధ్యేమార్గం కనిపెట్టాడు. "సర్వీస్ మళ్ల ఏపిద్దాం."

"మీ లెక్కల తప్పే అనుకున్నా, మళ్ల ఎయ్యనియ్యరు సార్. త్రో అవతలోళ్లకు పోతది. మీ తప్పు గూడ మీకు సక్కగ తెల్వది" అన్నాను. మర్యాదగానే అందామనుకున్నాను, రాలేదు.

అప్పుడు దీక్షలో కూర్చున్నవాళ్లను అడుగుదామన్నారు. వాళ్లు పొద్దుటి నుంచి తిండి లేకుండా ఉన్నారు కాబట్టి వాళ్లకు పక్షపాతం ఉండదట. దండల మధ్య నుంచి చేతులు లేచాయి. ఫౌల్ అని తీర్పు వచ్చింది. అందులో ఒకాయన గోల్ పడినప్పుడు నిద్రలో ఉన్నాడు, నేను స్వయంగా చూశాను. ఆయన రెండు చేతులూ ఎత్తాడు.

"గోల్ గోలే" అన్నాను. బంతి సెంటర్లో పెట్టించి, మిగిలిన కాస్త సేపూ ఆడించి, ఆఖరి ఈల ఊదాను. కోరుట్ల గెలిచింది. బయటికి నడుస్తుంటే ఒక కుర్రాడు నా ముఖం మీదికి వచ్చాడు. "కోరుట్లోళ్లు ఎంతిచ్చిండ్రు సార్?" నా ఖాళీ బాటిల్ వాడి ముఖాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. వాడి వెనక నిలబడ్డ పెద్దవాళ్లలో ఒక్కడు కూడా వాణ్ణి గదమాయించలేదు, నాకు ఎక్కువ మండింది అక్కడే.

కమిటీ కాసేపు గుసగుసలాడి, ఉద్యమ ఐక్యత దృష్ట్యా రెండు జట్లూ గెలిచినట్టే అని మైకులో ప్రకటించింది. కప్పుకు ఒక పక్క సిరిసిల్ల కెప్టెన్, ఇంకో పక్క కోరుట్ల కెప్టెన్ పట్టుకుని ఫొటో దిగారు. రిఫరీని ఎవరూ పిలవలేదు. పిలిచినా పోయేవాణ్ణి కాదు.

నేను మోటార్‌సైకిల్ స్టార్ట్ చేస్తుంటే కోరుట్ల కెప్టెన్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆ పూట నాతో నెమ్మదిగా మాట్లాడిన మొదటి మనిషి. ఆట తెలిసినవాడు ఒక్కడున్నాడు, చాలు అనుకున్నాను.

"మీ ఎహ్సాన్ మర్వను సార్" అన్నాడు నా చెయ్యి పట్టుకుని. "గంతమంది మీదికి అచ్చినా మా దిక్కే నిలవడ్డరు."

"నేను ఎవ్వల దిక్కు నిలవడలేదయ్యా. నువ్వు ఏసింది సరైన త్రో."

అతను అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "లైన్ మీద కాలు పడ్డది నాకు ఎరికే సార్. గోల్ పోయిందే అనుకున్న. మీరు గా పుస్తకం తీసి జెప్పిండ్రు సూడు, మస్తు జెప్పిండ్రు. ముఖంల నవ్వు గూడ కనవడనియ్యలే. ఎంతైనా జగిత్యాల, కోరుట్ల పక్కపక్క ఊర్లు, ఒక్కటే గద సార్."

నేను బండి ఆపేశాను. పుస్తకం మళ్లీ తీశాను. "ఇటు సూడు, ఇండ్ల ఏం రాసున్నదంటే..." అని మొదటి నుంచి మొదలుపెట్టాను. అతను ప్రేమగా పుస్తకం మూసి, నా జేబులో పెట్టాడు.

"నా ముందల గూడ ఎందుకు సార్" అన్నాడు.