కందెన కింద వేళ్లు

1948 సెప్టెంబరు నెల చివర. పోలీస్ యాక్షన్ ముగిసి రెండు వారాలు కూడా కాలేదు. నేను దేవరకొండ దవాఖానలో కాంపౌండర్‌ని. కాంపౌండర్ అంటే మందులు కలిపేవాడనుకుంటారు. కట్లు కట్టడం, పుండ్లు కడగడం, డాక్టరుగారి కోపం భరించడం కూడా మా పనే. హైదరాబాదు నుంచి మందులు రాక నెల దాటింది. జిడ్డు తుడిచే స్పిరిటు, ఈథర్ సీసాలు రెండూ ఖాళీ.

ఒకరోజు పొద్దున్నే ఎద్దుల బండిలో లచ్చమ్మ వచ్చింది. ముప్పై ఏళ్ల రైతు మనిషి. రజాకార్ల భయానికి ఆమె, భర్త బుచ్చయ్య కల్వకుర్తి వైపు చుట్టాల ఊళ్లో తలదాచుకున్నారట. ఇక భయం లేదని ఇంటికి తిరుగు ప్రయాణం కట్టారు. బండి ఇరుసుకు కందెన పూస్తుంటే బండి ఒరిగి, ఆమె కుడిచేతి వేళ్లు చక్రం కింద నలిగాయి. కందెన అంటే ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి చేసే నల్లటి జిడ్డు. రక్తం ఆగాలని బుచ్చయ్య మిగిలిన కందెనంతా ఆ చేతికే పట్టించి, గుడ్డ చుట్టి, రెండు రోజులు అలాగే ఉంచాడు. మా దిక్కు బండి ఉన్న ప్రతి ఇంట్లో అదే వైద్యం. చిన్నప్పుడు నా మోకాలికీ మా నాయిన అదే పూశాడు. ఇక బుచ్చయ్యను ఏ నోటితో తిట్టను?

కట్టు విప్పాను. నాలుగు వేళ్లూ వాచి, బొగ్గులా నల్లగా ఉన్నాయి. డాక్టరుగారు వంగి చూసి, "గ్యాంగ్రీన్ కావచ్చు" అన్నారు. రక్తం అందక కండ చచ్చిపోవడాన్ని గ్యాంగ్రీన్ అంటాం. చచ్చిన వేలిని ఉంచితే ప్రాణానికే ముప్పు. "ఈ నలుపు మసిదో, చచ్చిన కండదో జిడ్డు పోతేగాని తెలియదు. మధ్యాహ్నం దాకా చూస్తాను. తేలకపోతే వేళ్లు తీసేయాల్సిందే" అని నాకు అప్పగించి లోపలికి వెళ్లారు.

లచ్చమ్మ ఎడమ చేత్తో నా చొక్కా పట్టుకుంది. "నీ బాంచెన్ సారూ, ఏళ్లు తీసేస్తే కలుపెట్ల దీస్త? రొట్టెట్ల జేస్త?"

"ఏళ్లు బోతే పోనియ్యే, పానం దక్కితె సాలు" అన్నాడు బుచ్చయ్య.

"పూసింది నువ్వే, ఇప్పుడు పోనియ్యమంటున్నది గూడ నువ్వే!" అని ఆమె గయ్యిమంది.

దవాఖాన బావి నీళ్లు కాచి, కార్బాలిక్ సబ్బుతో మొదలుపెట్టాను. నురగ పుడితే ఒట్టు! తెల్లటి తెట్టె కట్టి, ఆ తెట్టె పోయి కందెన మీదే అంటుకుంది. ఇంకాస్త సబ్బు, ఇంకాస్త రుద్దుడు. లచ్చమ్మ కేకలకు ఎడ్లు బెదిరాయి. నాకు చెమటలు పట్టాయిగాని మసి మాత్రం కదల్లేదు.

అప్పుడే మా దవాఖాన దుప్పట్లు ఉతికే చాకలి నర్సవ్వ మూట దించి చూసింది. "గా బాయి నీళ్లల్ల సబ్బు ఇరుగుతదని శానసార్లు జెప్పిన గద సారూ!"

"నువ్వూకో నర్సవ్వా. ఇది బట్టలుతుకుడు గాదు, దవాఖాన పని" అని కసిరాను.

"జిడ్డు జిడ్డే గద సారూ. బట్ట మీదుంటేంది, చెయ్యి మీదుంటేంది?" అని గొణుక్కుంటూ వెళ్లిపోయింది. పీడ పోయిందనుకున్నాను. సిగ్గు విడిచి ఒప్పుకుంటున్నాను, అలాగే అనుకున్నాను.

కాసేపటికి కొంగులో కుంకుడుకాయలతో తిరిగొచ్చింది. "దొరసాని పట్టుచీరెలకు గిదే ఏస్త. గీ నీళ్లల్లనే నురగొస్తది, సూడు." నేను నోరు తెరిచేలోపు డాక్టరుగారు కిటికీలోంచి, "మరిగించి, వడకట్టి వాడండి. గాయం లోపలికి మాత్రం పోనీయొద్దు" అన్నారు.

అదే బావి నీళ్లు, అదే గిన్నె. కానీ ఈసారి గిన్నె నిండా నురగ! గాయాన్ని నేను ఉప్పునీళ్లతో కడుగుతుంటే, చుట్టూ ఉన్న చర్మాన్ని నర్సవ్వ దూదితో మెల్లగా తుడిచింది. నల్లటి నురగ ధారకట్టింది. "జర ఓర్సుకో బిడ్డా, అయిపాయె, అయిపాయె" అంటూనే ఉంది. మొదట చూపుడువేలి గోరు బయటపడింది. నొక్కితే తెల్లబడింది, వదిలితే మళ్లీ ఎరుపెక్కింది. రక్తం నడుస్తోంది! ఆ ఎరుపు చూసి నేను ఏడ్చినంత పనిచేశాను. చిటికెనవేలి కొస నిజంగానే చచ్చింది. ఒక్క కణుపు తీశాం. మిగతా మూడు వేళ్లూ పూర్తిగా దక్కాయి.

అదే నీళ్లలో సబ్బుకు పోని జిడ్డు కుంకుడుకాయకు ఎందుకు పోయిందో నాకు చాలా ఏళ్లకుగాని తెలియలేదు. నల్లగొండకు బదిలీ అయ్యాక పక్కింటి కెమిస్ట్రీ లెక్చరర్‌ని అడిగాను. ఆయన అరుగు మీద సుద్దముక్కతో బొమ్మ గీశాడు. నీటి మాలిక్యూల్, అంటే నీటి అతిచిన్న తునక, పోలార్. దానికి ఒకవైపు కొంచెం ప్లస్, ఒకవైపు కొంచెం మైనస్ ఉంటుంది. అందుకే నీటి తునకలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. నూనెకు అలాంటి కొసలు లేవు కనుక నీళ్లు దాన్ని తమలో కలవనీయవు. సబ్బు తునకకు తల నీటి జాతి, పొడుగాటి తోక నూనె జాతి. తోకలు జిడ్డులో దిగబడతాయి, తలలు నీళ్లవైపు తిరుగుతాయి. జిడ్డు చిన్న చిన్న బొట్లుగా విడిపోయి నీళ్లతో కొట్టుకుపోతుంది.

"మరి మా బాయి నీళ్లల్ల సబ్బు ఎందుకిరిగింది?" అన్నాను.

"గా నీళ్లల్ల కాల్షియం ఉంటది. దానిది నిండు ప్లస్ చార్జ్, సబ్బు తలది నిండు మైనస్. రెండూ పట్టుకున్నయంటె ఇగ కరగవు, తెట్టె గడ్తయి. కుంకుడుకాయ తల చక్కెర జాతిది. అది గూడ పోలారే గని, దానికి గట్ల నిండు చార్జ్ లేదు. కాల్షియానికి దొరకదు" అన్నాడాయన. నర్సవ్వ ఒక్క ముక్కలో చెప్పింది అర్థం కావడానికి నాకు అంత బొమ్మ కావలసివచ్చింది.

ఆ గాయమైన మరుసటి ఏడు, నేనింకా దేవరకొండలో ఉండగానే, లచ్చమ్మ జొన్నరొట్టెలు మూటగట్టుకుని వచ్చింది. "గీ చేత్తోనే జేసిన సారూ, నువ్వే మా దేవునివి" అని దండం పెట్టింది. పక్కనే దుప్పట్లు మడతపెడుతున్న నర్సవ్వ, "తిను సారూ, సల్లారుతయి" అని నవ్వింది. నేను తిన్నాను. నర్సవ్వకూ రెండు పెట్టానుగాని, ఆ దండం ఆమెకు చెందాల్సిందని మాత్రం లచ్చమ్మకు చెప్పలేదు.

చదువుకున్నవాడి కంటికి కనబడనిది పనిచేసే చేతికి తెలిసి ఉంటుందని నాకు నేర్పిన కేసు అది. ఆ తర్వాత పుండు కడిగే ప్రతిసారీ ముందు నీళ్ల సంగతి అడిగాను, చెప్పేవాళ్ల మాట విన్నాను. ఎన్ని చేతులు బాగుపడ్డాయో, అన్నిటికీ నర్సవ్వకు రుణపడి ఉన్నాను. ఆమె ఇప్పుడు లేదు. ఆ రోజు దవాఖాన రిజిస్టర్‌లో నేను "కాంపౌండర్ సబ్బునీళ్లతో శుభ్రం చేశాడు" అని రాశాను. అది అబద్ధం. ఇన్నాళ్లకు దిద్దుతున్నాను: లచ్చమ్మ చెయ్యి కడిగింది చాకలి నర్సవ్వ, కుంకుడుకాయ రసంతో.