ఆ పసుపు పాదాలు తొక్కలేదు

పోయిన వానాకాలం సంగతి. మాది భావనపాడు పక్క పల్లె. జనం టీకాలకు తమంతట తామే వచ్చేలా ఆరోగ్య కేంద్రం దాకా సిమెంటు రోడ్డు మీద పసుపు రంగు పాదాల గుర్తులు వేయించారు. నాకు అనుమానం పట్టుకుంది. నోటితో చెప్పకుండా మనిషిని నడిపించేది ఏదైనా ముందు ప్రార్థనలో పెట్టి పరీక్షించుకోవాలని చర్చి సంఘంలో నేర్చుకున్నదాన్ని. పైగా అవి ఏ దేవుడి పాదాలో!

అందుకే మనవరాలిని టీకాకు ఎత్తుకుని కాలువ గట్టు మీదుగా బయలుదేరాను. వానకు నానిన గట్టు మీద కాలు జారింది. "యేసయ్యా!" అని అరిచేసరికి వెనక నుంచి ఎవరో పిల్లను లాక్కున్నారు. నేను బురదలో కూలబడ్డాను.

చూస్తే పక్కింటి అప్పలమ్మ.

"రోడ్డుండగా ఇటొచ్చినావేటొదినా?"

"మరి నువ్వో?"

"దేవుడి పాదాలు తొక్కుతానేటి? కళ్లు పోవూ!"

"మాకు ఆటి వెంట నడిస్తేనే పాపమే!"

ఇద్దరం బురదతోనే కేంద్రానికి చేరాం. నర్సమ్మ ఫోనులో ఎవరికో సంబరంగా చెబుతోంది: "పాదాలు బాగా పని సేస్తన్నాయి సార్! జనం ఆటి వెంటే వొచ్చేస్తన్నారు!"

అప్పలమ్మ నా చీర వైపు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

టీకా పడింది, దేవునికి స్తోత్రం. నా అనుమానం మాత్రం పోలేదు. నన్ను అక్కడికి నడిపించింది పిల్ల మీద బెంగ. పిల్లను పట్టుకున్న ఆ చేతులను పంపిందెవరో నాకు తెలుసు. ఇప్పటికీ మేమిద్దరం గట్టు మీదుగానే వెళ్తాం, ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని.