పౌలు అడిగిన వారం

నంద్యాల స్టేషన్ రోడ్డులో పౌలుకు చిన్న రేకుల షెడ్డు ఉండేది. పాత కార్ల బంపర్లు, దీపాల చుట్టూ ఉండే రింగులు, తలుపుల మీద పొడుగునా సాగే పట్టీలు తోమి, సాపు చేసి, మెరుగుపెట్టడం అతని పని. కారుతో పుట్టిన సామానే కారుకు ఉండాలనేవాడు. కొత్తది కొని బిగించమంటే ఒళ్లు మండేది. “కట్టుడు పన్ను ఎంత తెల్లగున్నా సొంత పన్నవుతాదా?” అనేవాడు.

1978 మాఘమాసంలో ఆళ్లగడ్డ నుంచి రంగనాథం కబురంపాడు. అహోబిలం పండితుల ఇంట పుట్టి, సంస్కృతం చెప్పి రిటైరైన మనిషి. ఆయన దగ్గర పాతికేళ్ల నాటి మోరిస్ కారు ఉంది. భార్య అలమేలుమంగకు గుండె జబ్బు.

“కారు ఇంటికొచ్చిన రోజు ఎంత మెరిసిందో పౌలూ! మళ్లా ఒక్కసారి దాన్ని అట్లా చూసి, అహోబిలం పోయిరావల్లని ఉండాది,” అందామె, పౌలు వెళ్లగానే మంచం మీద నుంచే.

“రెండు వారాల్లో చేసిస్తానమ్మా,” అన్నాడు పౌలు. సామానంతా ఊడదీసి, గోనెపట్టాల్లో చుట్టి, బస్సు మీద వేసుకుని నంద్యాలకు తెచ్చాడు.

కిరసనాయిలుతో జిడ్డు వదిలించాడు. సన్న గరుకు కాగితంతో తుప్పు గీకాడు. భార్య సారమ్మ మెత్తని గుడ్డతో రుద్దింది. అన్నీ తేరాయి గానీ ఎడమ తలుపు పట్టీ ఒక్కటి మొండికేసింది. ఎప్పుడో గోడకు రాసుకుని నాలుగుచోట్ల సొట్టపడింది. ఇసుక సంచి మీద పెట్టి కొయ్య సుత్తితో ఎంత తట్టినా వంకర పోలేదు.

గడువు నాటికి పౌలు వట్టి చేతులతో ఆళ్లగడ్డ వెళ్లాడు.

“కర్నూల్లో కొత్త పట్టీ దొరుకుతాదంట. అది తెచ్చి బిగించేయ్. ఈమెకు ఆయాసం ఎక్కువైతాంది,” అన్నాడు రంగనాథం.

“వద్దు సామీ. దాని వంపు దీనికి కూర్చోదు. ఒక్క వారమియ్యండి.”

రంగనాథం ఏదో అనబోయాడు. అలమేలుమంగే అడ్డుపడింది. “ఆగుదాం లెండి. వారం ఎంతలో పోతాది!”

ఐదో రోజున పట్టీ దారానికి పట్టినట్టు సాపుగా వచ్చింది. పౌలు దాన్ని ఎత్తి పట్టుకుని, “సారమ్మా, ఇట్లా రా, చూడు!” అని కేకేశాడు. మర్నాడు పొద్దున ఆళ్లగడ్డ మనిషి షెడ్డు ముందు సైకిల్ దిగి, అమ్మ పోయిందని చెప్పాడు.

పౌలు ఆ పూట అన్నం ముట్టలేదు.

“నువ్వేం చేస్తివి? ఆయుస్సు దేవునిది,” అంది సారమ్మ.

“ఆయుస్సు దేవునిదే. వారం అడిగింది నేను.”

కర్మకాండలయ్యాక వెళ్లి సామానంతా బిగించి వచ్చాడు. రంగనాథం అరుగు మీద కూర్చుని చూశాడే గానీ పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది పౌలుకు. అప్పటినుంచి షెడ్డుకు ఎవరొచ్చి కొత్తది బిగించమన్నా, మారుమాట లేకుండా బిగించి పంపాడు.

ఏడాది తిరిగి సంవత్సరీకం అయ్యాక రంగనాథం పిలిపించాడు. “అహోబిలం పోతాండా. నువ్వూ ఎక్కు,” అన్నాడు. పౌలు డ్రైవరు పక్కన కూర్చున్నాడు. వెనక సీట్లో రంగనాథం ఓ మూలకు ఒదిగి, పక్కన ఒక మనిషికి చోటు వదిలి కూర్చున్నాడు.

ఆయన గుళ్లోకి వెళితే పౌలు కారు దగ్గరే ఉండిపోయాడు. యాత్రికులు చుట్టూ మూగారు. “యాడ కొన్నారన్నా? కొత్తదా ఏంది, తళతళలాడతాంది!” అన్నాడొకడు.

“పాతదేలేప్పా,” అన్నాడు పౌలు. కారు వెనక్కి పోయి, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

తిరిగొచ్చిన రంగనాథం అతన్ని చూసి దగ్గరికి వచ్చాడు.

“ఆమె ఎవరిమీదా కోపం పెట్టుకునే మనిషి కాదు పౌలూ,” అన్నాడు.

“అది తెలుసు సామీ. అందుకే తట్టుకోలేకపోతాండా.”

రంగనాథం అతని భుజం మీద చేయి వేశాడు. ఇద్దరూ కారెక్కి ఆళ్లగడ్డ దారి పట్టారు.