సాఫ్ అన్నది నేనే

ఉదయం ఏడూ ఇరవైకి ఫ్లాస్కులో టీ వచ్చింది. ఆ రోజు గురించి నేను నలుగురికీ చెప్పిన మాటల్లో పూర్తి నిజం అదొక్కటే. మిగిలింది నాలుగేళ్లుగా నాలోనే ఉంది. పనుల్లో పడితే మరిచిపోయినట్టే ఉంటుంది. ఎవరైనా వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే చాలు, తెలిసిపోయిందేమోనని ఉలిక్కిపడతాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మా అక్క భర్తకు రైఫిల్ షూటింగ్ అంటే ప్రాణం. వాళ్ల ఇల్లు మేడ్చల్‌లో. ఆదివారాలు బావా నేనూ శామీర్‌పేట దాటాక ఆయన స్నేహితుడి పొలం పక్కనున్న షూటింగ్ మైదానానికి వెళ్లేవాళ్లం. గురి మూడు వందల మీటర్ల దూరంలో ఉండేది. అంత దూరాన కాగితం మీద పడ్డ రంధ్రం కంటికి ఆనదు. అందుకని కాల్చేవాడి పక్కన ఇంకొకరు స్పాటింగ్ స్కోప్ ముందు కూర్చుని చూసి చెబుతారు. మూడు కాళ్ల స్టాండు మీద నిలబెట్టే దుర్భిణి అది. అలా కూర్చునేది నేను. తుపాకీ పట్టే ధైర్యం నాకెప్పుడూ లేదు.

అక్కడ ఒక పద్ధతి ఉండేది. ప్రతి గుండుకు ముందు స్కోప్ దగ్గరున్నవాడు మైదానాన్ని ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా చూసి, ఎవరూ లేరన్న అర్థంలో "సాఫ్" అనాలి. ఆ మాట వినకుండా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. కాల్చేవాడికి గురి మీది నల్లచుక్క తప్ప పక్కలు తెలియవు. ఆ పక్కలు చూడవలసింది రెండో మనిషే.

పాత స్కోప్ అద్దానికి బూజు పట్టడంతో 2010లో కొత్తది కొనాలనుకున్నాం. సికింద్రాబాద్‌లో దుకాణదారు రెండు బయటపెట్టాడు. మొదటిది ఇరవై రెట్లే పెద్దది చేసి చూపిస్తుంది కానీ, ఒక్క చూపులో చాలా మేర కనిపిస్తుంది. రెండోదాన్ని ఇరవై నుంచి అరవై దాకా తిప్పుకోవచ్చు. అరవైలో పెడితే కాగితమూ, దాని చుట్టూ కాస్త నేలా తప్ప ఇంకేమీ కనిపించదు.

"గీ ఇరవైది సాలు," అన్నాడు బావ. "మైదానం కండ్ల ముందుంటది."

"రంధ్రం ఎట్ల కనబడతది బావా? అరవైదే తీసుకుందాం."

"ఏందిరా, గా కాగితం మీద నవల రాసిపెట్టిన్రా నువ్వు సదువనీకె?"

దుకాణదారు నవ్వాడు. నాకు రోషం వచ్చింది. అప్పటికి నెల రోజులుగా వీటి గురించి చదువుతున్నాను. ముందరి అద్దం ఎంత వెడల్పుంటే వెలుతురు బాగుంటుందో, కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లకు ఏది నప్పుతుందో గుక్క తిప్పుకోకుండా చెప్పాను. వేసవిలో నేల మీది గాలి వేడెక్కి, ఎక్కువ రెట్లలో బొమ్మ నీళ్లలా కదులుతుందని కూడా చదివాను. అది మాత్రం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? "పదిలో, సరిగ్గ నడుమ తగిలింది బావా" అనే మనిషిని కావాలని కోరిక. కాల్చలేనివాడికి అంతకన్నా గొప్ప ఏముంటుంది?

"సరె తియ్. సూసేది నువ్వే గద," అన్నాడు బావ.

కొన్నాక తెలిసింది. మైదానం చూడాలంటే ఇరవైకి తిప్పాలి, రంధ్రం చూడాలంటే మళ్లీ అరవైకి. తిప్పిన ప్రతిసారీ బొమ్మ మసకబారుతుంది, సరిచేసుకోవాలి. కొన్ని వారాలు చేశాను. తరువాత అరవైలోనే ఉంచేసి, కాగితాన్నే చూస్తూ "సాఫ్" అనడం మొదలుపెట్టాను. ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడం అలవాటైపోయింది.

కాగితాలు మార్చే పెద్దాయన పేరు ఖాజా మియా. గురికి ఎడమగా తవ్విన గుంతలో కూర్చునేవాడు. బయటికి వచ్చేముందు ఎర్రజెండా ఎత్తాలి. మరుసటి వేసవిలో ఆ ఉదయం ఎత్తలేదు. అందరూ ఆ మాటే అన్నారు, తప్పు ఆయనదేనని. కానీ నా చూపు అక్కడ ఉన్నదే అలాంటి పొరపాటు కోసం.

టీ గ్లాసు చేతిలో ఉంది. స్కోప్‌లో కాగితం మూల ఊడి గాలికి కొట్టుకుంటోంది. అది చూశాను. దాన్ని బిగించడానికి ఖాజా మియా వస్తాడని నాకు తట్టలేదా? తట్టినా టీ చల్లారిపోతుందనుకున్నానా? ఈ ప్రశ్న దగ్గరికి వచ్చి ప్రతిసారీ ఆగిపోతాను. గుటక మింగి "సాఫ్" అన్నాను.

గుండు కాగితాన్ని బిగించిన ఇనప చట్రానికి తగిలి చీలింది. దాని ముక్క అటు నడుస్తున్న ఖాజా మియా కుడి మణికట్టులో దిగింది. అరుపు విని ఇద్దరం పరిగెత్తాం.

"సాఫ్ అన్నవు గదరా?" అన్నాడు బావ, రొప్పుతూ.

"అనలే బావా. ఇంక సూస్తనే ఉన్న."

ఆయన నిలబడిపోయాడు. "అనలేవా? నాకు ఇనబడ్డదే."

"లే బావా."

పోలీసులకు తానే తొందరపడ్డానని చెప్పాడు బావ. లైసెన్సు పోయింది. ఖాజా మియా కుడి పిడికిలి మళ్లీ బిగియలేదు. సూరారంలో కూతురింటికి చేరాడు. బావ అప్పుడప్పుడు వెళ్లి కూర్చుని వచ్చేవాడు. తీసుకెళ్లి కూడా నేను కారు దిగేవాణ్ణి కాదు. ఆ ముసలాయన నా ముఖం చూస్తే కనిపెట్టేస్తాడని భయం.

బావ మాత్రం ఆ తరువాత తన చెవుల్ని నమ్మలేదు. గ్యాస్ కట్టేశానని అక్క చెబితే, "నిజంగ అన్నవా?" అని అడిగి, లేచి వెళ్లి చూసేవాడు. హారన్ వినబడిందో లేదో తేల్చుకోలేక బండి నడపడం మానేశాడు. ఇదంతా నేను పక్కనే ఉండి చూశాను.

ఈ ఏడాది బావ జబ్బుపడి ఆసుపత్రిలో ఉండగా, అక్క మందుల కోసం కిందికి దిగినప్పుడు, నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"ఒక్క మాట చెప్పురా. కోపం జెయ్య. ఆ పొద్దు నువ్వు సాఫ్ అన్నవా? నా చెవులు మంచిగనే ఉండెనా అని అడుగుతున్న, అంతే."

"అనలే బావా."

"అట్లనా," అని కళ్లు మూసుకున్నాడు. ఆ వారమే పోయాడు.

మొదటిసారి పోలీసులకు భయపడ్డాను. రెండోసారి ఎవరికి? పోతున్న మనిషి నన్నేం చేస్తాడు? ఆ చివరి చూపులో నేను వేరే మనిషిగా కనిపిస్తానని భయపడ్డాను. ఆయన అడిగింది క్షమాపణ కూడా కాదు. తన చెవులు తనకు తిరిగి ఇవ్వమన్నాడు. ఇవ్వలేదు.

ఇది అక్క చదివితే గుర్తుపడుతుంది. తెలిసే రాశాను. అన్నాను బావా. సాఫ్ అన్నాను. నువ్వు విన్నావు.

మొన్న మేనల్లుడు సందులో కారు వెనక్కి తీస్తూ, "మామా, ఎనక ఎవరన్న ఉన్నరా?" అని అడిగాడు. దిగి చూసుకొమ్మన్నాను. దారి ఖాళీగా ఉందని నేనిప్పుడు ఎవరికీ చెప్పను.